పాడుబడ్డ ఇంటి స్థలంలో మెటల్ డిటెక్టింగ్: అనుమతి అడగడం నుంచి దొరికినవి దాచడం దాకా

ఒక ఇంట్లో రెండు మూడు తరాలు కాపురం ఉంటే వాళ్ల చేతుల్లోంచి, జేబుల్లోంచి జారిపోయినవి ఎన్నో ఉంటాయి. చొక్కా గుండీ, తాళం చెవి, పిల్లాడి పిడికిట్లోంచి పడిన నాణెం, బట్టలు ఉతికేటప్పుడు వేలి నుంచి ఊడిన ఉంగరం. ఆ రోజుకి వెతికి వెతికి ఊరుకుంటారు. తర్వాత ఎప్పుడో ఇల్లు ఖాళీ అవుతుంది, కప్పు కూలుతుంది, గడ్డి మొలుస్తుంది. ఆ వస్తువులు మాత్రం పడ్డచోటే జానెడు లోతులో ఉండిపోతాయి. నేలలోని లోహాన్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్‌తో వాటిని వెతకడమే ఈ హాబీ.

నిధుల వేట అనుకుని మొదలుపెట్టినవాళ్లు రెండు మూడు వారాల్లో విసిగిపోతారు. తవ్విన సిగ్నళ్లలో ఎక్కువ భాగం మేకులు, రేకు ముక్కలు, సీసా మూతలే. కానీ ఆ ఇంట్లో మనుషులు ఎలా బతికారో తెలుసుకోవాలనే ఆసక్తి ఉంటే మేకు కూడా ఏదో ఒకటి చెబుతుంది. కొలిమిలో కాల్చి సుత్తితో సాగగొట్టిన మేకు పలకలుగా ఉండి, కొనవైపు సన్నబడుతుంది. మెషిన్ మీద తీగతో చేసినది గుండ్రంగా ఉంటుంది. ఈ తీగ మేకులు విరివిగా వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. అన్నీ గుండ్రటివే దొరుకుతుంటే ఆ కట్టడం, లేదంటే కనీసం దాని మరమ్మతు, అంతకన్నా పాతది కాదన్నమాట.

1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో ఉండిపోయిన తూటాను కనిపెట్టడానికి టెలిఫోన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. ఈనాటి మెటల్ డిటెక్టర్లకు అది తాతలాంటిది. పరికరం పనిచేసేదే, అయినా తూటా దొరకలేదు. కారణాలు రెండు చెబుతారు. మంచంలోని లోహపు స్ప్రింగులు సిగ్నల్‌ను గందరగోళం చేశాయి. పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన వైద్యుడు ఆ వైపే వెతకనిచ్చాడు, అది ఎడమవైపు ఉంది. పాత ఇంటి స్థలంలో మనకు ఎదురయ్యేవి కూడా సరిగ్గా ఈ రెండే. ఒకటి, వెతకాల్సిన చోటు వదిలి వేరేచోట వెతకడం. రెండు, చుట్టూ ఉన్న ఇనుము మోతలో అసలు వస్తువు వినపడకపోవడం. కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం ఈ రెంటిని దాటడం గురించే.

ముందు అనుమతి

ఖాళీగా పడి ఉన్న స్థలానికి కూడా యజమాని ఉంటారు. కౌలుకు చేస్తున్నవాళ్లు సరే అన్నంత మాత్రాన చాలదు, యజమాని కూడా సరే అనాలి. వారసులు నలుగురుంటే నలుగురికీ తెలియడం మంచిది. వెళ్లి మర్యాదగా మాట్లాడండి. ఏం చేస్తారో, గుంతలు ఎంత లోతు తవ్వుతారో, ఎలా పూడుస్తారో చెప్పండి. ఒప్పుకుంటే ఒక కాగితం మీద రాసుకోండి: స్థలంలో ఏ భాగం, ఏ రోజులు, దొరికినవాటిని ఎలా పంచుకోవాలి, ఆ ఇంటివాళ్లకు సంబంధించిన వస్తువు దొరికితే ఎవరికి చెందుతుంది. ఈ చివరి మాట మొదటే తేల్చుకోకపోతే మంచి వస్తువు దొరికిన రోజే మనస్పర్థలు వస్తాయి.

తర్వాత చట్టం. ఇది దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి మీరు ఎక్కడుంటే అక్కడిది చదవాల్సిందే. భారతదేశపు 1878 నాటి నిధి చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి దొరికిన పది రూపాయలకు మించి విలువ చేసే దేని గురించైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలంటే ఒక్క పాత వెండి నాణెం చాలు ఆ గీత దాటడానికి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద, వందేళ్లు దాటిన నాణేలు, కళాఖండాల వంటి వాటిని లైసెన్స్ లేకుండా వ్యాపారంగా అమ్మకూడదు, సొంతంగా దేశం దాటించకూడదు. ఇంగ్లండ్‌లో 1996 నాటి చట్టం ప్రకారం నిధి కిందికి వచ్చే వస్తువు దొరికితే 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి చెప్పాలి. అమెరికాలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా తీయడం 1979 చట్టం కింద నేరం. ఐర్లండ్‌లోనైతే పురావస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకడానికే ముందస్తు అనుమతి కావాలి. రక్షిత కట్టడాలు, పురావస్తు స్థలాల జోలికి ఏ దేశంలోనూ వెళ్లకండి. ఈ విషయంలో అనుమానం ఉందంటే ఆ స్థలం వదిలేయడమే సరైన నిర్ణయం.

ఇంటిని చదవడం

కొత్త స్థలానికి మొదటిసారి వెళ్లినప్పుడు నేను మెషిన్ తీసుకెళ్లను. ఒక నోట్‌బుక్, పెన్సిల్, కొలిచే టేపు చాలు. మెషిన్ చేతిలో ఉంటే కళ్లు నేలకు అతుక్కుపోతాయి, చెవులు బీప్ కోసం ఎదురుచూస్తుంటాయి, చుట్టూ ఉన్నది కనపడదు.

వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని కొంత ఉంది. పాత సర్వే మ్యాపులో అప్పట్లో ఉన్న ఇళ్లు, బావులు, దారులు గుర్తులుగా కనిపిస్తాయి. దాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూస్తే మాయమైనవి ఏవో తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో వేర్వేరు నెలలవి చూడండి. నేల కింద రాతి పునాది ఉన్నచోట మట్టి పలచన, అందుకే ఎండలు ముదిరినప్పుడు అక్కడి పైరు లేదా గడ్డి ముందుగా పసుపెక్కుతుంది. పూడిపోయిన కాలువ, గుంత ఉన్నచోట తేమ ఎక్కువ, అక్కడ పచ్చగా ఉంటుంది. పైనుంచి చూస్తే ఇవి గీతల్లా కనిపిస్తాయి.

ఆ ఇంట్లో పెరిగినవాళ్లు, పక్కింట్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో అరగంట కూర్చోవడం ఏ మ్యాపుకన్నా మేలు. డబ్బు ఎక్కడ దాచారని మాత్రం అడగొద్దు. అది అడిగితే ఆ పెద్దాయన ముఖం మారిపోతుంది, ఇక ఏమీ చెప్పరు. నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్లు, సాయంత్రాలు ఎక్కడ కూర్చునేవాళ్లు, బట్టలు ఎక్కడ ఆరేసేవాళ్లు, చెత్త ఎక్కడ పోసేవాళ్లు, పిల్లలు ఏ చెట్టు ఎక్కేవాళ్లు. ఇవి అడగండి. చెబుతూ చెబుతూ వాళ్లే లేచి వచ్చి చెయ్యి చాపి చూపిస్తారు.

స్థలం మీదకు వచ్చాక సూర్యుడు కిందికి వాలిన వేళ ఒకసారి నడవండి. ఏటవాలు వెలుగులో చిన్న మిట్ట, చిన్న పల్లం కూడా నీడ వేసి బయటపడుతుంది. వరసగా ఉన్న రాళ్లు, వరసగా పెరిగిన చెట్లు వాటంతటవి రావు. ఎవరూ నీళ్లు పోయని చోట ఇంటి పూలమొక్కలు గుబురుగా ఉంటే అక్కడ ఎవరో ఒకప్పుడు నాటారు. మట్టి రంగు చూడండి. మనుషులు చాలాకాలం ఉన్నచోట బూడిద, బొగ్గు, ఎముకల తునకలు కలిసి మట్టి నల్లగా, బూడిదరంగుగా మారుతుంది. దీన్నే మనవాళ్లు పాటిమన్ను అంటారు. అయితే ఒక జాగ్రత్త. ఒక ఇంటి వెడల్పు కాకుండా దిబ్బ మొత్తం అలాంటి మట్టితో, పెంకులతో నిండి ఉంటే అది పాత ఊరి దిబ్బ. అక్కడ మీ పని లేదు. అది పురావస్తు శాఖవాళ్లు పొరపొరగా తీసి చదవాల్సిన చోటు.

ఇప్పుడు నోట్‌బుక్‌లో స్థలం బొమ్మ గీయండి. పునాది, గుమ్మం, బావి, పెద్ద చెట్టు, ప్రహరీ. తర్వాత మనుషుల్ని ఆ బొమ్మలో నడిపించండి. గుమ్మం ముందు జేబులోంచి తాళం తీస్తారు, చెప్పులు విప్పుతూ వంగుతారు, డబ్బులు లెక్కపెట్టి ఇస్తారు. అందుకే మెట్ల చుట్టూ మూడు నాలుగు మీటర్లు మొదటి చోటు. గుమ్మం నుంచి వీధికి, గుమ్మం నుంచి బావికి పోయే దారి రెండోది. దారి మధ్యలో కన్నా అంచుల్లో ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే మధ్యలో పడ్డవి తొక్కేటప్పుడు కనిపించి ఎవరో ఒకరు తీసేసి ఉంటారు. బట్టలు ఆరేసిన తీగ కింద గుండీలు, పిన్నులు, జేబులో మరిచిపోయిన చిల్లర. నీడనిచ్చే పెద్ద చెట్టు కింద కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు జారినవి. నా మట్టుకు నాకు ఇష్టమైన చోటు ఈ చెట్టు కిందే. అక్కడ మేకులు తక్కువ, సిగ్నల్ తేటగా వినిపిస్తుంది. చెట్టు మొదలు బాగా లావెక్కి ఉంటుంది కాబట్టి అప్పటి నీడ ఎక్కడ పడేదో ఊహించి వెతకాలి. వేర్లు మాత్రం నరకొద్దు.

ఇంటి పునాది లోపల, గోడల వెంట చివర్లో చూడండి. కప్పు కూలినప్పుడు పడ్డ మేకులు, బందులు, రేకులు అంతా అక్కడే ఉంటాయి.

ప్రమాదాలు

పాడుబడ్డ ఇంటి స్థలంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కప్పులేని బావి. పొదలు కమ్ముకుని, లేదా కుళ్లిన చెక్కల మీద మట్టి పేరుకుని అసలు కనిపించకుండా ఉంటుంది. బావి ఎక్కడుందో తెలియకుండా పొదల్లో అడుగు పెట్టొద్దు, కర్రతో నేల తడుతూ నడవండి. సగం నిలిచిన గోడ పక్కన తవ్వకండి. రాళ్ల కుప్పల్లో పాములు, తేళ్లు ఉంటాయి, చేతులు పెట్టే ముందు కర్రతో కదపండి. మందపాటి చేతి తొడుగులు, గట్టి బూట్లు ఉండాలి. గాజు పెంకులు, తుప్పు ముక్కలతో పని కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ గడువు దాటిందేమో చూసుకోండి. కరెంటు కేబుల్, గ్యాస్ పైపు ఆ స్థలం గుండా పోతున్నాయేమో యజమానిని అడగండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

మెషిన్ గురించి తెలియాల్సినంత

మెషిన్ కర్ర చివర నేలకు దగ్గరగా ఉండే గుండ్రటి పళ్లెం లాంటి భాగమే కాయిల్. అందులో ఒక తీగచుట్ట నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే దాంట్లో చిన్న సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి తిరిగి తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి, దాన్ని రెండో తీగచుట్ట పట్టుకుంటుంది. తిరిగొచ్చిన సిగ్నల్ ఎంత ఆలస్యంగా, ఏ తీరులో వచ్చిందో చూసి అది ఇనుమా, రాగి వెండి లాంటిదా అని మెషిన్ అంచనా వేస్తుంది. తెర మీద కనిపించే అంకె ఆ అంచనా మాత్రమే, తీర్పు కాదు.

ఇంటి స్థలాలకు సరిపోయేది చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే వీఎల్ఎఫ్ రకం, లేదా ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడే రకం. విడివిడి పల్స్‌లుగా సిగ్నల్ పంపే పల్స్ ఇండక్షన్ రకం లోతుగా వెళ్తుంది, కానీ ఇనుమును సరిగా విడదీయలేదు. మేకులున్న చోట దాంతో రోజంతా మేకులే తవ్వుతారు. కాయిల్ విషయంలో చాలామంది పొరపాటు పడతారు. పెద్ద కాయిల్ అయితే లోతు ఎక్కువ, కాబట్టి అదే మంచిదనుకుంటారు. ఇంటి స్థలంలో 5, 6 అంగుళాల చిన్న కాయిల్ మేలు. పెద్ద కాయిల్ కింద ఒకేసారి నాలుగు మేకులు, ఒక నాణెం ఉంటే మేకుల మోతే వినిపిస్తుంది. చిన్న కాయిల్ రెండు మేకుల మధ్య సందులోంచి నాణేన్ని వినిపించగలదు. గార్ఫీల్డ్ మంచం స్ప్రింగుల సమస్యకు మన చేతిలో ఉన్న విరుగుడు ఇది.

దీంతోపాటు పిన్‌పాయింటర్ తప్పనిసరి. చేతిలో పట్టేంత చిన్న డిటెక్టర్ ఇది, గుంతలో వస్తువు ఏ మూల ఉందో చూపిస్తుంది. తోట పనికి వాడే గట్టి చేతిపార, మట్టి పోయడానికి ఒక గుడ్డ, చెత్తకు ఒక సంచి, మంచివాటికి మరో సంచి, చిన్న జిప్ కవర్లు, హెడ్‌ఫోన్లు. ఒక చెవి బయటి శబ్దాలకు వదిలేయండి. పెద్ద పార, గునపం వద్దు. వాటితో గుంత పెద్దదవుతుంది, వస్తువుకు దెబ్బ తగులుతుంది.

ఒక పూట ప్రాక్టీస్

సొంత పెరట్లోనో, తెలిసినవాళ్ల స్థలంలోనో ముందు డిటెక్టర్‌తో వెతికి ఖాళీగా ఉన్న ఒక చోటు చూసుకోండి. అక్కడ ఒక రాగి నాణెం, ఒక అల్యూమినియం మూత, ఒక మేకు, ఒక పాత తాళం చెవి వేర్వేరుగా పాతండి. కొన్ని 5 సెంటీమీటర్ల లోతులో, కొన్ని 10, కొన్ని 15. గుర్తుగా పుల్లలు గుచ్చండి. ఒక్కొక్కదాని మీద కాయిల్ ఊపి ఆ శబ్దం చెవికి పట్టించుకోండి. తర్వాత నాణెం పక్కనే రెండు మేకులు వేసి మళ్లీ వినండి. అప్పటిదాకా తేటగా మోగిన నాణెం ఎలా చీలిపోయి వినిపిస్తుందో, ఎటు తిరిగి ఊపితే మళ్లీ పలుకుతుందో తెలుస్తుంది. ఈ ఒక్క పూట పాఠం ముందు ముందు చాలా వారాంతాలను కాపాడుతుంది.

స్థలం మీద మొదటి గంట

ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి. నేలలో ఉండే ఇనుప ఖనిజాలకు కూడా మెషిన్ స్పందిస్తుంది. ఆ స్పందనను లెక్కలోంచి తీసేయమని చెప్పడమే ఈ పని. లోహం లేని చోటు చూసి కాయిల్‌ను నేలకు 3 సెంటీమీటర్ల నుంచి 30 సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడిస్తూ, శబ్దం నిలకడగా వచ్చేదాకా సర్దండి. కొన్ని మెషిన్లు ఇది వాటంతటవే చేసుకుంటాయి. ఎర్రమట్టి, నల్లరాయి ఉన్నచోట్ల ఈ మెట్టు దాటేస్తే రోజంతా దొంగ బీప్‌లే.

సెన్సిటివిటీ, అంటే మెషిన్ ఎంత చిన్న సిగ్నల్‌కు స్పందించాలో చెప్పే సెట్టింగ్, చివరిదాకా పెంచకండి. కరెంటు తీగలు దగ్గరున్నా, ఫోన్ కాయిల్ దగ్గరికి వచ్చినా మెషిన్ ఊరికే కూస్తుంది. ఆ కూతలు ఆగేదాకా తగ్గించండి. లోతు కొంచెం తగ్గినా సరే, నమ్మదగిన శబ్దం కావాలి. డిస్క్రిమినేషన్, అంటే అక్కర్లేని లోహాల శబ్దాన్ని ఆపేసే సెట్టింగ్, విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఇనుము శబ్దాన్ని పూర్తిగా ఆపేయొద్దు. ఆపేస్తే మేకుల మధ్య ఉన్నామన్న సంగతే తెలియదు, నేల ఖాళీగా ఉందనుకుని ముందుకు వెళ్లిపోతాం. ఇనుముకు తక్కువ గొంతు, మిగతావాటికి ఎక్కువ గొంతు వచ్చేలా పెట్టుకుని రెండూ వినండి.

బొమ్మలో గుర్తుపెట్టుకున్న మొదటి చోటు దగ్గర నాలుగు పుల్లలు పాతి తాడు కట్టండి. 3 మీటర్లకు 3 మీటర్లు చాలు, ఇది ఒక గడి. ఒక పూటకు ఇది చిన్నదిగా అనిపిస్తుంది, కానీ కాదు. మొదట్లో నేను ఎకరం స్థలాన్ని ఒక్క ఉదయంలో చుట్టేసేవాణ్ని. తర్వాత అదే స్థలంలో గుమ్మం ముందు తాడు కట్టి నెమ్మదిగా వెతికితే, అంతకుముందు నా కాళ్ల కిందే ఉండిపోయిన బీగం, మూడు నాణేలు బయటపడ్డాయి.

కాయిల్ నేలకు సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చేయి చివరికి వెళ్లినప్పుడు కాయిల్ గాల్లోకి లేవడం అందరూ చేసే తప్పు. లేచినంత మేరా లోతు పోయినట్టే. ఒక ఊపు మీద తర్వాతి ఊపు సగం పడాలి. ఒకవైపు నుంచి ఇంకోవైపుకు రెండు మూడు సెకన్లు తీసుకోండి, మేకులున్న చోట ఇంకా నెమ్మదిగా. తూర్పు పడమరలు పూర్తయ్యాక అదే గడిని ఉత్తర దక్షిణాలుగా మళ్లీ వెతకండి. మేకు పక్కన పడుకున్న నాణెం ఒక దిక్కు నుంచి వినపడకపోయినా, అడ్డంగా వచ్చినప్పుడు వినిపిస్తుంది. వాన పడి నేల తడిగా ఉన్నప్పుడు సిగ్నల్ తరచుగా మెరుగ్గా ఉంటుంది, తవ్వడం కూడా తేలిక.

శబ్దం విని తేల్చుకోవడం

వెండి, రాగి పెద్ద అంకె, పై గొంతు ఇస్తాయి. ఇనుము తక్కువ అంకె, బొంగురు శబ్దం. మధ్యలో ఉన్నదే చిక్కు. సన్నటి బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు, డబ్బా మూత మీటే రింగు, అన్నీ దాదాపు ఒకే అంకెల్లో పలుకుతాయి. వీటిని విడదీసే మెషిన్ ఇంకా రాలేదు. కాబట్టి బంగారం కావాలంటే రేకులు తవ్వాలి, వేరే దారి లేదు.

సిగ్నల్ వచ్చిందంటే దాని మీద అటూ ఇటూ చిన్నగా ఊపండి. తర్వాత దాని చుట్టూ తొంభై డిగ్రీలు తిరిగి నిలబడి మళ్లీ ఊపండి. రెండు దిక్కుల నుంచీ ఒకేచోట, ఒకేలా పలికితే తవ్వండి. ఒక దిక్కున పలికి ఇంకో దిక్కున మాయమైతే, లేదా పక్కకు జరిగితే, అది చాలాసార్లు వంకర మేకు. తుప్పు పట్టిన పెద్ద ఇనుప వస్తువులు, గుండ్రటి వాషర్లు పై గొంతుతో మోసం చేస్తాయి. కాయిల్‌ను కొంచెం పైకెత్తి చూడండి. చిన్న వస్తువైతే శబ్దం త్వరగా సన్నబడుతుంది. రెండడుగులు ఎత్తినా మోగుతూనే ఉంటే కింద ఉన్నది గడ్డపారో, రేకో.

మొదటి పది వారాంతాలు మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, రెండు దిక్కుల్లోనూ పలికే ప్రతి సిగ్నల్‌నూ తవ్వమంటాను. చెవికి చదువు వచ్చేది గుంతలోనే. పైగా ఒక గడిలో మేకులన్నీ తీసేశాక మళ్లీ వెతికితే, వాటి మోత కింద దాగినవి ఒక్కొక్కటిగా మాట్లాడతాయి.

గుంత

గడ్డి ఉన్నచోట మూడు వైపులా కోసి, నాలుగో వైపు అతుక్కుని ఉండేలా వదిలేయండి. పది సెంటీమీటర్ల మందాన ఆ గడ్డిచెక్కను తలుపులా వెనక్కి మడవండి. వేర్లు తెగకపోతే పూడ్చిన తర్వాత గడ్డి బతుకుతుంది. ఎండలు మండే రోజుల్లో ఇలా కోస్తే ఎలాగూ ఎండిపోతుంది, అందుకే అప్పుడు గడ్డి లేని నేలకే పరిమితం కండి. సిగ్నల్ నడిమధ్యలో పార దించకండి. ఒక బెత్తెడు పక్కనుంచి మొదలుపెట్టి లోపలికి రండి. మట్టిని గుడ్డ మీద పోయండి. ఒక్కో పిడికెడు తీసినప్పుడల్లా పిన్‌పాయింటర్ పెట్టి, వస్తువు గుంతలోనే ఉందా, గుడ్డ మీదకు వచ్చిందా చూసుకోండి. బయటికి తీశాక గుంత మీద మళ్లీ ఒకసారి కాయిల్ ఊపాలి, ఒకదాని కింద ఇంకొకటి ఉండటం అరుదు కాదు.

దొరికిన వస్తువును బొటనవేలితో రుద్దాలని చేయి లాగుతుంది. వద్దు. నాణెం మీది ఇసుకరేణువు ఆ ఒక్క రుద్దుడికే గీత పెడుతుంది, ఆ గీత ఇక పోదు. మట్టితోనే జిప్ కవర్లో వేసి, కవరు మీద గడి అంకె, లోతు, గుమ్మం నుంచి దూరం రాయండి. ఫోన్‌లో ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. ఫోన్ చూపించే లొకేషన్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, ఇంటి స్థలంలో అది చాలా పెద్ద తేడా. టేపుతో కొలిచి రాసుకున్నదే నమ్మకం. పూడ్చేటప్పుడు కింది మట్టి కింద, పై మట్టి పైన. గడ్డి మూసి కాలితో అదమండి. చెత్త మేకులన్నీ మీ సంచిలో మీతోపాటే వెళ్లాలి.

చేయి ఆపాల్సిన సందర్భాలు

ఒకేచోట నాలుగైదు నాణేలు వచ్చినా, కుండ అంచు కనిపించినా, ఎముకలు వచ్చినా ఇక పార దించొద్దు. 1992 నవంబరులో ఇంగ్లండ్‌లోని హాక్సన్ అనే ఊళ్లో ఎరిక్ లాస్ అనే ఆయన, తన స్నేహితుడైన రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతుండగా రోమన్ కాలపు నాణేలు, చెంచాలు బయటపడ్డాయి. ఆయన అంతా తోడేయకుండా ఆపి అధికారులకు చెప్పాడు. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి జాగ్రత్తగా తవ్వారు. దాదాపు 15 వేల నాణేలు, బంగారు నగలు, వెండి సామాను దొరికాయి. అంతకన్నా ముఖ్యం, మట్టిలో మిగిలిన కొయ్య, తాళాల ఆనవాళ్లను బట్టి అవన్నీ ఏ పెట్టెలో ఎలా సర్ది ఉండేవో కూడా తేల్చగలిగారు. ఆయన ఆత్రపడి ఉంటే వస్తువులు దక్కేవి, ఆ పెట్టె కథ పోయేది. ఆ సుత్తి కూడా దొరికింది, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

బాంబులా, ఫిరంగి గుండులా ఏది కనిపించినా ముట్టుకోకుండా, ఆ చోటు గుర్తుపెట్టుకుని దూరంగా వచ్చి పోలీసులకు చెప్పండి. ఎంత తుప్పు పట్టినా అది పేలవచ్చు.

ఇంటికి తెచ్చాక

బంగారానికి నీళ్లు చాలు. వెండిని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మట్టిని దానంతట అదే వదలనివ్వండి. రాగి, కంచు మీద గట్టిగా ఉన్న ముదురు పచ్చ పొర ఆ లోహానికి కవచం. మెరిపించాలని పులుపుతోనో, మెటల్ పాలిష్‌తోనో తోమితే అక్షరాలు కూడా పోతాయి. పొడిపొడిగా రాలే లేత పచ్చ మచ్చలు మాత్రం వేరు. అవి క్లోరైడ్‌ల వల్ల వచ్చే జబ్బు, తేమ ఉంటే లోపలికి తినుకుంటూ పోతాయి. అలాంటి వస్తువును విడిగా, సిలికా జెల్ పొట్లంతో పూర్తి పొడిగా ఉంచండి. ఇనుమును తీసిన రోజే ఆరబెట్టాలి, లేకపోతే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.

నాణేలను మెత్తటి పీవీసీ కవర్లలో దాచకండి. అందులోని రసాయనం కొన్నేళ్లకు జిగట పచ్చగా నాణేనికి అంటుకుంటుంది. పాలిథీన్ కవర్లు, ఆమ్లం లేని అట్టపెట్టె వాడండి. ప్రతి కవర్లో గడి అంకె రాసిన చీటీ ఉండాలి. చీటీ పోయిన గుండీ ఏ ఇంటిదో, ఏ చెట్టు కిందదో ఇక ఎవరికీ తెలియదు.

నెలకోసారి స్థలం బొమ్మ మీద, దొరికిన ప్రతిదాన్నీ దాని చోట చుక్కగా పెట్టి, ఒక నకలు యజమానికి తీసుకెళ్లి ఇవ్వండి. దొరికిన వస్తువులు కూడా పక్కన పెట్టి చూపించండి. ఆ ఇంటి పెద్దవాళ్లు ఆ చుక్కల్ని చూస్తూ, ఇక్కడ ఇన్ని గుండీలేంటి, ఓహో ఇక్కడే కదా మా అమ్మ కుట్టుమెషిన్ వేసుకుని కూర్చునేది, అని మొదలుపెడతారు. నోట్‌బుక్ తెరిచి రాసుకోండి. వచ్చే శనివారం తాడు ఎక్కడ కట్టాలో అందులో ఉంటుంది.